సైన్యంలో ఉంటూనే పైలట్ లైసెన్సు: శ్రీకాకుళం, విజయనగరం జవాన్లకు సమగ్ర మార్గదర్శి

మన రెండు జిల్లాల్లో సైన్యంలో మనిషి లేని ఊరు కావాలంటే వెతుక్కోవాలి. 1962 నుంచి కోరుకొండ సైనిక్ స్కూల్ ఆఫీసర్లను పంపుతూనే ఉంది. రిక్రూట్‌మెంట్ ర్యాలీకి తెల్లవారుజామున పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. వీళ్ళలో కొందరికి యూనిఫాం వేసుకున్నాక కూడా విమానం నడపాలన్న కోరిక పోదు. చేసే ఉద్యోగం ఇన్‌ఫాంట్రీలోనో, సిగ్నల్స్‌లోనో, ఓడ ఇంజిన్ రూములోనో ఉంటుంది. అలాంటి వాళ్ళు సొంత డబ్బుతో, సెలవుల్లో ప్రైవేట్ పైలట్ లైసెన్సు, అంటే పీపీఎల్, తెచ్చుకోవడం ఎలాగో ఇక్కడ వరసగా చెబుతాను.

సర్వీసులో ఉన్నవాడికి అసలు కొరత డబ్బు కాదు, తెలివితేటలు కాదు. ఏకధాటిగా దొరికే రోజులు. కాబట్టి నేల మీద అయ్యే ప్రతి పనీ యూనిట్‌లో ఉండగానే ముగించాలి. వార్షిక సెలవును ఎగరడానికి మాత్రమే వాడాలి. కింద చెప్పే క్రమమంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

1. ఈ లైసెన్సు ఏమిస్తుంది, ఏమివ్వదు

పీపీఎల్‌కు కనీస వయసు 17, చదువు పదో తరగతి. మొత్తం 40 గంటలు ఎగరాలి. అందులో ఒంటరిగా చేసే క్రాస్ కంట్రీ (ఒక ఎయిర్‌ఫీల్డు నుంచి మరోచోటికి) ప్రయాణం 5 గంటలు ఉండాలి. ఆ 5 గంటల్లో ఒక ప్రయాణం 150 నాటికల్ మైళ్ళకు తగ్గకుండా, రెండు వేర్వేరు ఎయిర్‌ఫీల్డుల్లో దిగి పూర్తిగా ఆగేలా ఉండాలి. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు.

లైసెన్సు వచ్చాక చిన్న విమానం మీరే నడపొచ్చు, ఇంట్లోవాళ్ళను ఎక్కించుకోవచ్చు. డబ్బు తీసుకుని మాత్రం నడపకూడదు. దానికి కమర్షియల్ లైసెన్సు, అంటే సీపీఎల్ ఉండాలి. అది 200 గంటల వ్యవహారం, పైగా ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి ఉండాలి. ఇప్పుడు ఎగిరే 40 గంటలు రేపు ఆ 200లో కలుస్తాయి. కానీ పీపీఎల్‌తో ఉద్యోగం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

2. ముందు అనుమతి, తర్వాతే ఫీజు

చాలామంది ఇక్కడే తొందరపడతారు. సెలవులో నా డబ్బుతో నేను నేర్చుకుంటే ఎవరికేం అని అనిపిస్తుంది. కానీ మీరు కట్టుబడి ఉన్న చట్టాలు వేరు. కంపెనీ కమాండర్ ద్వారా సీవోకు, అంటే కమాండింగ్ ఆఫీసర్‌కు, రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, రాతపూర్వకంగానే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోండి. సుబేదార్ సాబ్ సరేనన్నారు కదా అని ఆగిపోవద్దు. రేపు ఆయన పోస్టింగ్ మీద వెళ్ళిపోతే ఆ మాటకు సాక్ష్యం ఉండదు.

దరఖాస్తులో ఈ సంగతులు తప్పకుండా రాయండి: శిక్షణ పూర్తిగా సెలవు కాలంలోనే జరుగుతుంది, ఖర్చు నా సొంతం, స్కూలుకు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉంది, పీపీఎల్‌తో జీతానికి విమానం నడపడం నిబంధనల ప్రకారమే కుదరదు కాబట్టి ఇది ప్రైవేటు ఉద్యోగం కిందకు రాదు, పిలుపు వస్తే వెంటనే డ్యూటీకి వస్తాను. ఈ నాలుగో మాట ముఖ్యం. పై అధికారికి వచ్చే మొదటి సందేహం, ఇతను బయట ఉద్యోగం వెతుక్కుంటున్నాడా అన్నదే. దానికి జవాబు కాగితం మీదే ఉంటే ఫైలు కదులుతుంది. స్కూలు పేరు, ఊరు, తేదీలు జత చేయండి.

అమెరికా వెళ్ళి నేర్చుకుంటే త్వరగా అయిపోతుందని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. సర్వీసులో ఉన్నవాళ్ళు దేశం దాటడానికి వేరే అనుమతి కావాలి, వీసా కావాలి, అక్కడి భద్రతా తనిఖీ దాటాలి. ఒక సెలవు కాలంలో ఇవన్నీ కుదరడం కష్టం. ఇక్కడే నేర్చుకోమని నా సలహా.

సైన్యంలోనే మైక్రోలైట్, పారాగ్లైడింగ్ లాంటి సాహస క్రీడల విభాగాలు ఉన్నాయి. ముందు యూనిట్ ఆఫీసులో వాటి గురించి అడగండి. గాలిలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఖర్చు లేకుండా తెలుసుకునే దారి అది.

3. పేరు సరిచూసుకోండి

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మనవాళ్ళను నెలల తరబడి ఆపేది ఇదే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. సర్వీసు రికార్డులో ఇంటిపేరు చివరికి వెళ్ళిపోతుంది. డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలో ప్రొఫైల్ తెరిచే ముందే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరునే ఆధారం చేసుకుని మిగతావి దిద్దించుకోండి. సర్వీసు రికార్డులో పేరు దిద్దించడానికి చాలా కాలం పడుతుంది కాబట్టి అది అన్నింటికంటే ముందు మొదలుపెట్టండి.

విమానాశ్రయం లోపలికి వెళ్ళే పాస్ కోసం పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు. మీ చిరునామా పలాస దగ్గరో, చీపురుపల్లి దగ్గరో ఉంటుంది, మీరు రాజస్థాన్‌లో ఉంటారు. సెలవుకు ఊరొచ్చినప్పుడు మొదటి వారంలోనే స్టేషన్‌కు వెళ్ళి ఆ పని కానిచ్చుకోండి.

4. మెడికల్

మీది షేప్ వన్ (సైన్యంలో పూర్తి ఆరోగ్యానికి ఇచ్చే మెడికల్ కేటగిరీ) కావచ్చు, ఏటా మెడికల్ అవుతుండొచ్చు. అయినా డీజీసీఏకు అది చెల్లదు. ఈజీసీఏలో దరఖాస్తు పెట్టి, డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ టూ మెడికల్ చేయించుకోవాలి. చూపు, రంగుల గుర్తింపు, వినికిడి, ఈసీజీ, రక్తం, మూత్రం చూస్తారు. కళ్ళజోడు ఉన్నంత మాత్రాన అనర్హులు కారు. రంగుల గుర్తింపులో లోపం ఉంటే ఇబ్బందే. అందుకే ఫీజు కట్టకముందే మెడికల్ అవ్వాలి.

పాత గాయం, ఆపరేషన్, తగ్గించిన మెడికల్ కేటగిరీ ఏదున్నా దాచకండి. ఒకచోట రాసింది, ఇంకోచోట రాయనిది ఎప్పుడో ఒకనాడు ఎదురుపడతాయి. అప్పుడు లైసెన్సుతో పాటు సర్వీసుకూ మచ్చ. సీపీఎల్ ఆలోచన ఉంటే క్లాస్ వన్ కూడా ఇప్పుడే చేయించుకోవడం మేలు. అందులో ఆగిపోయేదేదైనా ఉంటే లక్షలు పోయకముందే తెలుస్తుంది.

5. చదువు: బ్యారక్‌లోనే

మొదట స్టూడెంట్ పైలట్ లైసెన్సు, అంటే ఎస్పీఎల్ తీసుకోవాలి. 16 ఏళ్ళు నిండి పదో తరగతి పాసైతే చాలు. ఫ్లయింగ్ స్కూల్లోనే మౌఖిక పరీక్ష పెడతారు. తర్వాత పీపీఎల్‌కు డీజీసీఏ రాత పరీక్ష ఉంటుంది. గగనతల నిబంధనలు, నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానం-ఇంజిన్ వివరాలు కలిపి పెట్టే పరీక్ష అది. పాసవ్వాలంటే 70 శాతం రావాలి. రేడియోలో మాట్లాడే అర్హతకు ఆర్టీఆర్ పరీక్ష వేరు. ఇదివరకు అది టెలికాం శాఖ చేతిలో ఉండేది. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన విమానయాన చట్టం, భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024, దాన్ని డీజీసీఏకు మార్చింది. కాబట్టి పాత వీడియోలు చూసి దరఖాస్తు పెట్టకండి.

తెలుగు మీడియంలో చదివినవాళ్ళు రేడియో ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడతారు. అది సాహిత్యం కాదు. కొద్దిపాటి నిర్ణీత వాక్యాలు, ఒకే వరసలో: ఎవరిని పిలుస్తున్నారు, మీరెవరు, ఎక్కడున్నారు, ఎంత ఎత్తులో ఉన్నారు, ఏం కావాలి. సిగ్నల్స్‌లో పనిచేసినవాళ్ళకు ఇందులో సగం వచ్చినట్టే. కంట్రోలర్ చెప్పింది తిరిగి చదివి వినిపించడం రోజూ గట్టిగా పలికి సాధన చేయండి.

వాతావరణ శాస్త్రం మనకు పుస్తకంలోంచే రానక్కర్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి ఉద్దానంలో గాలి దిశ ఎలా మారిందో అక్కడి పెద్దలనడగండి. తుపాను కన్ను చుట్టూ గాలి తిరగడమంటే ఏమిటో అర్థమవుతుంది. కళింగపట్నంలో వాతావరణ శాఖ పరిశీలన కేంద్రం ఉంది. సెలవులో ఉన్నప్పుడు బులెటిన్లలో ఆ కేంద్రం గాలి, తేమ వివరాలు చూసి, సముద్రపు గాలి మధ్యాహ్నం ఏ వేళకు తిరుగుతుందో మీ అంతట మీరు గమనించండి.

నావిగేషన్ కూడా ఇంటి తీరం మీదే నేర్చుకోవచ్చు. కాగితం మీద కళింగపట్నం నుంచి భోగాపురానికి గీత గీయండి. దూరం సుమారు 40 నాటికల్ మైళ్ళు, దిశ నైరుతి. చిన్న సెస్నా విమానం 90 నాట్ల (గంటకు 90 నాటికల్ మైళ్ళ) వేగంతో వెళితే, గాలి లేని రోజున 27 నిమిషాలు. ఎదురుగాలి 15 నాట్లు ఉంటే నేల మీద వేగం 75కు పడిపోయి 32 నిమిషాలు అవుతుంది. ఆ తేడాకు ఎంత ఇంధనం అదనంగా కావాలో లెక్కేయండి. తర్వాత దారి గుర్తులు రాయండి: బయలుదేరేచోట వంశధార ముఖద్వారం, తర్వాత నాగావళి ముఖద్వారం, సంతపిల్లి దీపస్తంభం, కోనాడ దగ్గర చంపావతి. ఏ నిమిషానికి ఏ గుర్తు కిందకు రావాలో ముందే రాసుకుని, రాకపోతే ఏం చేయాలో ఆలోచించడమే నావిగేషన్. ఇదంతా కాగితం మీద సాధనే సుమా! విశాఖ విమానాశ్రయం నేవీ వారి ఐఎన్ఎస్ డేగ. ఆ చుట్టుపక్కల గగనతలంలో ఇష్టమొచ్చినట్టు తిరగడానికి వీల్లేదు.

మెడికల్, రాత పరీక్ష, ఆర్టీఆర్ వీటికి క్యాజువల్ లీవు వాడుకోండి. ఆర్మీలో జవాన్లకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. ఆ 60 రోజుల్లో ఒక్కటీ పరీక్షకు పోకూడదు.

6. స్కూలు ఎక్కడ

మన రెండు జిల్లాల్లో నేర్చుకునే వీలు కోసం ఎదురుచూస్తూ ఏళ్ళు గడపొద్దు. భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం పెద్ద విమానాల కోసం కట్టింది. బాడంగిలో ఉన్నది రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే. మనకు రైలు దారిలో వీలుగా ఉండేవి భువనేశ్వర్, హైదరాబాద్. ఆముదాలవలసలో ఎక్కితే పలాస, బరంపురం మీదుగా అదే రోజు భువనేశ్వర్ చేరొచ్చు, అక్కడ ఒడిశా ప్రభుత్వ విమాన శిక్షణ సంస్థ ఉంది. బేగంపేటలో తెలంగాణ ఏవియేషన్ అకాడమీ, బెంగళూరు జక్కూరులో కర్ణాటక ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూలు ఉన్నాయి. పేరు చూసి కాకుండా, డీజీసీఏ గుర్తింపు జాబితాలో ప్రస్తుతం ఉందో లేదో చూసుకుని అడుగు వేయండి.

అడ్మిషన్ ఆఫీసులో చెప్పే మాటలు వినండి గానీ నిర్ణయం హాస్టల్లో తీసుకోండి. అక్కడి విద్యార్థులను ఒకే ప్రశ్న అడగండి: పోయిన నెల నువ్వు ఎన్ని గంటలు ఎగిరావు? స్కూలుకు పది విమానాలు ఉండొచ్చు. 50 గంటలకు, 100 గంటలకు తప్పనిసరి తనిఖీలు, విడిభాగాల కోసం ఎదురుచూపులు పోను ఎగిరేవి ఎన్ని అన్నదే లెక్క. ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, ఒక్కొక్కరికి ఎంతమంది విద్యార్థులు అని కూడా అడగండి. ఏడాది పొడవునా అక్కడే ఉండే కుర్రాడు రెండు వారాలు ఆగగలడు, మీరు ఆగలేరు. అందుకే ఆ స్కూలు రోజువారీ వేగం మీకు ఫీజు కంటే ముఖ్యం.

7. డబ్బు

గంట రేటు స్కూలును బట్టి, విమానాన్ని బట్టి మారుతుంది. లెక్క కోసం గంటకు 15,000 అనుకుందాం. 40 గంటలకు 6 లక్షలు. కానీ సెలవుల మధ్య ఖాళీ ఉన్నవాళ్ళకు 40 గంటల్లో తేలడం అరుదు. 50 గంటలకు, అంటే 7.5 లక్షలకు సిద్ధపడండి. హాస్టల్, ల్యాండింగ్ చార్జీలు, పరీక్ష ఫీజులు, మెడికల్, హెడ్‌సెట్, పన్ను వేరు. చెప్పిన రేటులో ఇంధనం, పన్ను ఉన్నాయో లేదో రాయించుకోండి. ఈ ఇంజిన్లకు వాడే ఏవీగ్యాస్ 100 ఎల్ఎల్ మామూలు పెట్రోలు కాదు. మన దేశంలో ఇండియన్ ఆయిల్ 2022లో వడోదరలో దాని ఉత్పత్తి మొదలుపెట్టేదాకా దిగుమతే ఆధారం.

మొత్తం ఫీజు ఒకేసారి కట్టకండి. పది గంటలకోసారి కట్టే ఒప్పందం అడగండి. ఒప్పందంలో ఇంకో మాట తప్పక ఉండాలి: సెలవు రద్దై వెనక్కి పిలిస్తే, ఎగరని గంటల డబ్బు వాపసు ఇవ్వాలి, లేదా వచ్చే సెలవు దాకా అదే రేటుకు నిలపాలి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో సెలవు మీద ఊరొచ్చినవాళ్ళను యూనిట్లు వెనక్కి పిలిచాయి. ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాల్లో పౌర విమానాలు ఆగిపోయాయి. మళ్ళీ అలాంటి రోజు వస్తే మీ డబ్బును కాపాడేది ఆ ఒప్పందమే.

ఇన్సూరెన్స్ సంగతి ఇంట్లోవాళ్ళ కోసం చూడండి. సాధారణంగా జీవిత బీమా పాలసీల్లో ప్రమాద బీమా భాగం, టికెట్ కొన్న ప్రయాణికుడిగా తప్ప వేరే విధంగా విమానంలో ఉన్నప్పుడు వర్తించదు. సెలవులో సొంత ఇష్టంతో ఎగురుతూ గాయపడితే దాన్ని డ్యూటీ గాయంగా చూపించలేరు. గ్రూప్ ఇన్సూరెన్స్ వాళ్ళనూ, మీ బీమా కంపెనీనీ రాతపూర్వకంగా అడిగి, జవాబు భార్యకో తల్లిదండ్రులకో చూపించాకే ముందుకెళ్ళండి.

అగ్నివీర్ తమ్ముళ్ళకు ఒక మాట. మీకు ఏడాదికి 30 రోజుల సెలవు, నాలుగేళ్ళ తర్వాత సుమారు 11.71 లక్షల సేవానిధి. ఈ నాలుగేళ్ళలో మెడికల్, పరీక్షలు మాత్రం చేసుకోండి. సేవానిధి మొత్తం పీపీఎల్‌లో పోయకండి. సీపీఎల్‌కు ఆ డబ్బు చాలదు, పీపీఎల్ జీతం తేదు. పెర్మనెంట్ అయ్యాకో, బయట స్థిరపడ్డాకో ఎగిరినా ఆకాశం అక్కడే ఉంటుంది.

8. ఏ నెలలో, ఎన్ని విడతలు

సంక్రాంతి ఇంట్లో చేసుకుని కనుమ దాటాక బయలుదేరండి. జనవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా ఈ ప్రాంతంలో ఎగరడానికి మంచి కాలం. ఉదయం మంచు కాసేపు ఆపినా పూట గడిచాక తేలిపోతుంది. మార్చి చివరి నుంచి సాయంత్రాలు ఉరుములు, ఈదురుగాలులు. మేలో వేడికి గాలి పలచబడి చిన్న ఇంజిన్ ఎత్తుకు ఎక్కడానికి ఆయాసపడుతుంది. జూన్ నుంచి వానలు, అక్టోబర్, నవంబర్‌లలో తుపాన్లు. సిరిమానోత్సవానికి వచ్చే అక్టోబర్ సెలవును పండక్కే ఉంచుకోండి.

ఒక ఏడాది సెలవులో సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం) దాకా, మరుసటి ఏడాది సెలవులో క్రాస్ కంట్రీ, స్కిల్ టెస్ట్ (విమానం నడిపి చూపించే పరీక్ష). ఇదీ నేను మేలనుకునే పద్ధతి. క్యాజువల్ లీవు ముక్కల్లో నాలుగేసి గంటలు ఎగరడం డబ్బు దండగ. ల్యాండింగ్ అనేది చేతుల్లో నిలిచే విద్య. నెల గడిస్తే జారిపోతుంది, మళ్ళీ తెచ్చుకోవడానికి గంటలు పోతాయి. రెండు విడతల మధ్య ఏడాది ఖాళీ వస్తుంది కదా అంటే, అవును, రెండో విడతలో మొదటి కొన్ని గంటలు పాత పాఠానికే పోతాయి. పైన 50 గంటలకు లెక్కేసింది అందుకే. రెండో సెలవుకు ముందు నెలంతా రోజూ చెక్‌లిస్టు నోటికి రావాలి. కుర్చీలో కూర్చుని, చేతులతో మీటల స్థానాలు పట్టుకుంటూ సర్క్యూట్ (టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా రన్‌వే చుట్టూ ఒక చుట్టు) మొత్తం పైకి చెబుతూ సాధన చేయండి.

ఇంట్లో ముందే చెప్పండి. సెలవంటే పెళ్ళిళ్ళు, కోతలు, ఇంటి పనులు అని ఎదురుచూసేవాళ్ళు ఉంటారు. ఆ ఏడాది పదిహేను రోజులు వాళ్ళవి, మిగతావి శిక్షణవి అని ముందే ఒప్పించుకుంటే మనసు నిలకడగా ఉంటుంది.

9. విమానంలో

పాఠాల వరస అన్నిచోట్లా దాదాపు ఒకటే: కంట్రోళ్ళు, సమతలంలో నడపడం, ఎక్కడం, దిగడం, మలుపులు, స్టాల్, సర్క్యూట్లు, ఇంజిన్ ఆగితే చేయాల్సినవి, సోలో. స్టాల్ అంటే ఇంజిన్ ఆగడం కాదు, రెక్క మీద గాలి పట్టు తప్పడం. ముక్కు కిందకు దించి వేగం తెచ్చుకోవాలి. భయంతో వెనక్కి లాగితే ఇంకా దిగజారుతుంది.

సైనికుడికి కొన్ని అలవాట్లు ఇక్కడ బాగా పనికొస్తాయి. చెక్‌లిస్టు పాటించడం, వేళకు రావడం, పరికరాన్ని తన ప్రాణంలా చూసుకోవడం. రెండు అలవాట్లు మాత్రం మార్చుకోవాలి.

ఒకటి, అర్థం కాకపోయినా ఎస్ సర్ అనడం. ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది అర్థం కాకపోతే, సర్, అర్థం కాలేదు, మళ్ళీ చూపించండి అని అప్పుడే అడగాలి. ఆయన చేతులు కంట్రోళ్ళ మీద ఉన్నాయా, మీవి ఉన్నాయా అన్నది ఏ క్షణంలోనూ అనుమానంగా ఉండకూడదు. రెండోది, అప్పగించిన పని ఎలాగైనా చేసి తీరాలన్న పట్టుదల. ఆకాశంలో అది ప్రాణం మీదకు తెస్తుంది. మేఘం కిందకు దిగితే వెనక్కి తిరగాలి, ల్యాండింగ్ కుదరకపోతే మళ్ళీ పైకి లేవాలి. సెలవు రెండు రోజుల్లో ముగుస్తుందన్న తొందర ఉన్నప్పుడు ఇది ఇంకా కష్టం. చివరి మూడు రోజుల్లో స్కిల్ టెస్ట్ పెట్టుకోకుండా ప్లాన్ చేయడమే దీనికి మందు.

ఎగరడానికి ముందు 12 గంటలు మద్యం ముట్టకూడదు, అది నియమం. క్యాంటీన్ కోటా ఇంట్లో ఉంచి వెళ్ళండి. రెండు రోజులు రైల్లో వచ్చి, నిద్ర చాలకుండా మర్నాడు ఉదయమే ఎక్కకండి.

ఫోటోల విషయంలో స్కూలు మిత్రులకు ఉన్న స్వేచ్ఛ మీకు లేదు. ఎయిర్‌ఫీల్డులో, గాలిలోంచి ఫోటోలు తీయడానికి విమానయాన నిబంధనలే అడ్డం ఉన్నాయి, దాని మీద సర్వీసు నిబంధనలు ఉన్నాయి. ర్యాంకు, యూనిట్ పేరుతో కాక్‌పిట్ ఫోటో సోషల్ మీడియాలో పెడితే తీసుకున్న ఎన్‌వోసీకే ముప్పు.

10. లాగ్‌బుక్, చివరి దరఖాస్తు

ప్రతి రోజు ఎగిరినది ఆ రోజే లాగ్‌బుక్‌లో రాసి సంతకం తీసుకోండి. యూనిట్‌కు తిరిగి వెళ్ళాక ఒక్క సంతకం లేదని తెలిస్తే మళ్ళీ సెలవు దాకా ఆగాలి. బయలుదేరే ముందు రోజు మొత్తం గంటలు, సోలో, క్రాస్ కంట్రీ వేరువేరుగా కూడి స్కూలు రికార్డుతో సరిచూసి, ప్రతి పేజీ ఫోటో తీసుకోండి. స్కిల్ టెస్ట్ అయ్యాక రిపోర్టు, లాగ్‌బుక్, మెడికల్, ఆర్టీఆర్, పరీక్ష ఫలితం కలిపి ఈజీసీఏలో దరఖాస్తు. డీజీసీఏ ఏదైనా లోపం చూపిస్తే ఆ మెసేజ్ మీ మొబైల్‌కు, మెయిల్‌కు వస్తుంది. ఫీల్డ్ ఏరియాలో సిగ్నల్ లేని పోస్టుకు వెళ్ళబోతుంటే, ఆ మెయిల్ చూసి స్కూలుతో మాట్లాడే పని ఇంట్లో ఒకరికి అప్పగించి, కాగితాల కాపీలు వాళ్ళ దగ్గర ఉంచి వెళ్ళండి. లైసెన్సు చేతికొచ్చాక దాని కాపీ ఒకటి యూనిట్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.